నల్ల కారు, క్లే ముద్ద, జారుడు నీళ్లు: కంచరపాలెం ప్రాజెక్టు డైరీ

డిసెంబర్ 7, ఆదివారం

పొద్దున్నే కారు కడిగి, తుడిచి, వంటింట్లోంచి ఒక పల్చటి పాలిథిన్ కవరు తెచ్చుకున్నాను. రైతుబజార్లో కూరగాయలు వేసిచ్చే రకం. అందులో చెయ్యి దూర్చి బానెట్ మీద మెల్లగా రాశాను. వట్టి చేతికి నున్నగా అనిపించిన చోటే కవరులోంచి గరగరమంది, బొంబాయి రవ్వ ఒలికిన గచ్చు మీద అరచెయ్యి పెట్టినట్టు. కవరు మధ్యలో ఉంటే చర్మం పెయింటుకి అతుక్కోదు, పొడుచుకుని ఉన్న రేణువులు ఒక్కటే తెలుస్తాయి. పైసా ఖర్చు లేకుండా పెయింటు సంగతి తేల్చి చెప్పే పరీక్ష ఇది.

ఈ కారు నాన్న రైల్వేలో రిటైరైన ఏడాది కొన్నది. తొమ్మిదేళ్లయింది. నల్ల రంగు. నడిపేది నేనే అయినా ఇంట్లో అందరి నోటా అది నాన్న కారే. సంక్రాంతికి ఊరికి బయల్దేరేలోపు పెయింటుని మళ్లీ నున్నగా చేసి తాళం ఆయన చేతికివ్వాలని నా పట్టు.

మా ఇంటి వెనక వీధి దాటితే రైలు పట్టాలే. బండికి బ్రేకు పడ్డప్పుడల్లా చక్రం నుంచీ పట్టా నుంచీ కంటికి ఆనని ఇనుప రజను లేస్తుంది. అది పెయింటు మీద వాలి, రాత్రి మంచు తడికి తుప్పుపట్టి, అక్కడే పాతుకుపోతుంది. దీనికి తోడు విశాఖ పోర్టు వైపు నుంచి బొగ్గు ధూళి, బైలదిల్లా గనుల నుంచి కె.కె. లైను (కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం) మీదుగా దిగే ఇనుప ఖనిజం ధూళి, సముద్రం గాలిలో ఉప్పు. బొగ్గూ ఉప్పూ చాలావరకు కడిగితే పోతాయి. పోనిది ఆ బ్రేకు రజనే. తెల్ల కారు ఉన్నవాళ్లకి అది సన్నని నారింజ చుక్కల్లా కనిపిస్తుంది. నల్ల కారు మీద కనిపించదు, చేతికి తగలాల్సిందే.

ముందు ఐరన్ రిమూవర్, అంటే ఇనుప రజను కరిగించే మందు, కొట్టాను. కుళ్లిన కోడిగుడ్డు వాసన, ముక్కుకి గుడ్డ కట్టుకోక తప్పలేదు. అందులోని థయోగ్లైకొలేట్ ఇనుముతో కలిస్తే ఊదా రంగు తేలుతుంది. మూడు నిమిషాలకి డోర్ల మీద నేరేడుపండు రసం కారినట్టు చారలు దిగాయి. ఆరిపోకముందే కడిగేశాను. మళ్లీ కవరు పెట్టి చూస్తే గరగర సగం తగ్గింది. మిగతా సగానికి క్లే పట్టాల్సిందే.

క్లే అంటే మట్టి కాదు. సాగే గుణమున్న ప్లాస్టిక్ లాంటి ముద్దలో అతి సన్నని రాపిడి పొడి కలిపి చేస్తారు. జపాన్‌లో పుట్టింది, 1990లలో అమెరికా పేటెంట్లతో బయటి దేశాలకి పాకింది. పెయింటు మీద దాన్ని జరుపుతుంటే పైకి తేలి ఉన్న రేణువుని పట్టి పీకేస్తుంది. పీకిన రేణువు క్లేలోనే ఉండిపోతుంది. అంటే మరుసటి విసురులో అదే రేణువు పెయింటు మీద పాకుతుందన్నమాట. ఆ రెండింటి మధ్యా తడి పొర ఒకటి నిలబడితేనే గీత పడదు. ఆ పొర కోసం చల్లేవాటినే జారుడు నీళ్లంటున్నాను. అవి దేంతో చెయ్యాలి? ఈ డైరీ మొదలుపెట్టింది దానికోసమే.

డిసెంబర్ 8, సోమవారం

పోయినేడు జరిగిన నష్టం కూడా ఇక్కడే రాసిపెడుతున్నాను. అప్పుడు గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు నీళ్లలో కలిపి, ఎడమవైపు ముందు ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) మీద క్లే పట్టాను. మొదటి రెండు నిమిషాలు బ్రహ్మాండంగా జారింది. తర్వాత ముద్ద మెత్తబడి, పెయింటుకి బూడిద రంగు పూతలా అంటుకుంది. గుడ్డతో తుడవబోతే చూయింగ్ గమ్‌లా సాగింది. దాన్ని వదిలించడానికి గంట పట్టింది. రాత్రి ఫోన్ టార్చి వేసి చూస్తే, చెయ్యి నడిచిన దారంతా వెంట్రుక సన్నంలో గీతలు.

తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు తెలుసు. ఆ లిక్విడ్ పని జిడ్డుని కోసెయ్యడం. పెయింటు మీద మిగిలిన కాస్త వ్యాక్సునీ కోసేసింది, ముద్దని పట్టి ఉంచే జిగురునీ మెత్తబరిచింది. నురగ చూసి జారుడు బాగుందనుకున్నాను. నురగంటే గాలి బుడగలు. చెయ్యి ఆన్చగానే అవి పగిలిపోతాయి, కింద మిగిలేది పల్చటి సబ్బు నీళ్లే.

పాలిష్ పట్టిస్తే గీతలు పోతాయి, నిజమే. కానీ పాలిషంటే క్లియర్ కోటులోంచి, అంటే రంగు మీద ఉండే పారదర్శక పూతలోంచి, కొంత గీకెయ్యడమే. కంపెనీ క్లియర్ కోటు మందం 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక కంటే పల్చన. అది ఒకసారి పోతే మళ్లీ పెరగదు. అందుకే ఈసారి నాన్న కారు ముట్టుకునే ముందు జారుడు నీళ్ల సంగతి తేల్చుకుంటాను.

డిసెంబర్ 13, శనివారం

ఆటోనగర్ వెళ్లొచ్చాను. డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు వెనక గుట్టలో నల్ల ఫెండర్ ఒకటి దొరికింది. చివర సొట్ట ఉంది కానీ మధ్యలో జానెడున్నర మేర కంపెనీ పెయింటు చెక్కుచెదరలేదు. 250 అడిగారు, 150కి ఇచ్చారు.

పెయింటు మేస్త్రి గారికి నా ఆలోచన చెప్పాను. ఆయన నవ్వలేదు. చేతిలో గన్ను పక్కన పెట్టి, ఫెండర్ మీద గోరుతో గీసి చూపించారు.

"ఇది కంపెనీది బాబూ, కొలిమిలో కాల్చిన పెయింటు. గట్టిగుంటాది. నీ కారుకి ఎక్కడైనా రీపెయింట్ అయ్యిందేటి?"

"వెనక బంపరు అయిందండి. నాలుగేళ్లయింది."

"అయితే దానికాడ చెయ్యి తేలిగ్గా ఆడించు. మేం ఎంత బాగా వేసినా, అంత గట్టి రాదు. దీని మీద బాగుందని దాని మీద కూడా అలాగే రుద్దేసీకు."

ఎవరూ ఇంత విడమర్చి చెప్పరు. ఆ మాట డైరీ మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.

డిసెంబర్ 14, ఆదివారం

ఇవాళంతా నీళ్లతోనే సరిపోయింది. ఏ మందు కలిపినా జారుడు నీళ్లలో నూటికి తొంభై ఎనిమిది వంతులు నీళ్లే కదా. ఆ నీళ్లెలాంటివో చూడకుండా మందు గురించి వాదించుకోవడం వృథా.

నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపే టీడీఎస్ మీటరుతో నాలుగు రకాలు కొలిచాను. మా బోరు 1,140. కార్పొరేషన్ కుళాయి 190. వంటింటి ఆర్వో 55. నాలుగోది ఏసీ నీళ్లు. మా ఆఫీసులో సర్వర్ల గది ఏసీ రాత్రీపగలూ ఆడుతుంది, దాని గొట్టం కింద బకెట్ పెడితే సాయంత్రానికి నిండుతుంది. విశాఖ గాలిలో తేమకి లోటు లేదు కదా. దాన్ని కాఫీ ఫిల్టరు గుడ్డలో వడకట్టి కొలిస్తే 18. గాలిలో ఆవిరి చల్లని కాయిల్ మీద నీరైంది కాబట్టి అందులో సున్నం, ఉప్పు దాదాపు ఉండవు. కాయిల్ మీది దుమ్ము మాత్రం వస్తుంది, వడకట్టకుండా వాడకూడదు. ఏసీ సర్వీసింగ్ చేసి మందు కొట్టిన వారం కూడా పట్టకూడదు.

మీటరు చూపే అంకె కన్నా నన్ను కదిలించింది తర్వాత చేసిన పని. ఫెండర్ ముక్కని ఎండలో పెట్టి, నాలుగు నీళ్లవీ ఒక్కో చుక్క వేశాను. పక్కనే కూర్చుని చూశాను. బోరు నీటి చుక్క అంచుల నుంచి కుంచించుకుంటూ వచ్చింది. ఆరేసరికి చుట్టూ తెల్లటి గాజు వలయం, మధ్యలో ముగ్గుపిండి చల్లినట్టు పొడి. వేలితో రాస్తే పొడి పోయింది, వలయం పోలేదు. గోరు తగిలితే కరకరమంది. కుళాయి చుక్క సన్నని మసక వదిలింది. ఆర్వో చుక్క జాడ వెతికితేగానీ దొరకలేదు. ఏసీ చుక్క ఎక్కడ వేశానో ఫెండర్ మీద పెట్టిన పెన్సిల్ గుర్తు చూసి చెప్పాల్సి వచ్చింది.

క్లే పట్టేటప్పుడు జారుడు నీళ్లు అంచుల్లో ఆరుతూనే ఉంటాయి. బోరు నీళ్లయితే ఆ తెల్ల పొడి క్లే కిందకి వెళ్తుంది. గరగర పోగొట్టడానికి కూర్చుని, కొత్త గరగర మనమే తెచ్చిపెట్టుకున్నట్టు. పైగా సబ్బు సున్నపు నీళ్లలో పడితే తెట్టు కడుతుంది. బోరు నీళ్లతో తలంటుకున్న ప్రతివాళ్లకీ తెలిసిన సంగతే. కాబట్టి కడగడానికి కుళాయి, జారుడు నీళ్లకి ఏసీ. ఇది ఖాయం.

డిసెంబర్ 20, శనివారం

పోటీకి ఆరుగురిని తెచ్చాను: వట్టి నీళ్లు, కారు షాంపూ, పిల్లల షాంపూ, క్విక్ డిటైలర్ (కడిగిన కారు మీద చల్లి తుడిచే మెరుపు స్ప్రే), రిన్స్‌లెస్ వాష్, కుంకుడుకాయ రసం. గిన్నెల లిక్విడ్‌ని పోటీకి రానివ్వలేదు.

కుంకుడుకాయ అమ్మ మాట. నిన్న రాత్రి నేను సీసాలకి చీటీలు అంటిస్తుంటే వచ్చి నిలబడింది.

"ఏట్రా ఇవన్నీ?"

"కారుకమ్మా. ముద్ద జారడానికి."

"జారడానికైతే కుంకుడు రసం ఉంది కదరా. పట్టుచీరలుతికినా, నా గాజులు తోమినా అదే కదా. ఒక్క గీత పడిందేటి ఇన్నేళ్లలో?"

ఆవిడ మాటలో బలముంది. కుంకుడులో ఉండే సాపోనిన్లు నీటిని పల్చగా పరిచి జారుడునిస్తాయి, అచ్చం షాంపూలో మందు చేసే పనే. బంగారానికీ పట్టుకీ పనికొచ్చింది పెయింటుకెందుకు పనికిరాకూడదు? పది కాయలు గింజ తీసి, ఏసీ నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్న అమ్మే పిసికి పాత పంచె ముక్కలో రెండుసార్లు వడకట్టి ఇచ్చింది.

కొలిచే పద్ధతి ఇది. అరచేతంత చెక్కముక్కకి ఒక పక్క కొక్కెం మేకు దిగ్గొట్టాను. చెక్క అడుగున క్లే పరిచి, పైన అర కిలో తూకంరాయి కట్టాను. కొక్కేనికి లగేజీ తూచే చేతికాటా తగిలించి, ఫెండర్ మీద మెల్లగా లాగితే ఎంత బలానికి కదులుతుందో కాటా చూపిస్తుంది. ఫెండర్ని టేపుతో ఆరు గళ్లు చేశాను. ఒక్కో గడిలో మొదటి లాగుడు ఒకసారి, మళ్లీ నీళ్లు చల్లకుండా పదో లాగుడు ఒకసారి రాసుకున్నాను. తర్వాత గడి తుడిచి టార్చి.

వట్టి నీళ్లు 680 గ్రాముల దగ్గర కదిలాయి, అదీ ఒక్క తీరున కాదు, ఆగి ఆగి, జర్కులిస్తూ. నీటికి తన్ను తాను దగ్గరికి లాక్కునే గుణం ఎక్కువ. పొరలా పరుచుకోకుండా చుక్కలుగా విడిపోతుంది, చుక్కకీ చుక్కకీ మధ్య పొడిగా ఉన్న చోట ముద్ద కరుచుకుంటుంది. ఐదో లాగుడికే ఆపేశాను.

పిల్లల షాంపూ 10 మి.లీ. లీటరుకి. మొదట 270, పదో లాగుడికి 390. ముద్ద చెడలేదు. కానీ అది ఆరే కొద్దీ బంక లక్షణం వచ్చింది, కళ్లు మండకుండా తలకి నురగ రావాలని చేసిన సరుకు కదా. తుడిస్తే మబ్బుగా మిగిలింది.

కారు షాంపూ కూడా అదే పాళ్లలో: 260, తర్వాత 310. నాకు బాగా నచ్చింది. ఇంట్లో ఉండేదే, లీటరుకి రెండు మూడు రూపాయలు మించదు. ఇక్కడ షాంపూ ఎంపిక ముఖ్యం. వ్యాక్సు కలిసినదైతే ముద్ద మీదే పొర కట్టి పట్టు తగ్గిస్తుంది. జిడ్డు కోసే గాఢమైన రకమైతే పోయినేటి కథే మళ్లీ. సాదా, పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కానిది) అని రాసి ఉన్నది తీసుకోవాలి.

డిసెంబర్ 21, ఆదివారం

మిగతా మూడూ ఇవాళ.

కుంకుడు రసం నా అంచనా కంటే బాగా జారింది, మొదటి లాగుడు 250. అమ్మ పక్కనే నిలబడి కాటా అంకె తనే పైకి చదివింది. ఐదో లాగుడు వరకు అంతే. ఆ తర్వాత చిన్న చప్పుడు మొదలైంది. చెక్క తిప్పి చూస్తే క్లే మీద గోధుమరంగు నలుసులు, కాయ పొట్టువి. రెండుసార్లు వడకట్టినా పంచె నేత సందుల్లోంచి జారినవి. చీరకైతే జాడించినప్పుడు పోతాయి, గాజుల మీద నిలవవు. కానీ క్లేకి వాటిని వదిలిపెట్టడం తెలీదు. పట్టుకోవడమే దాని పని. ఆరాక గడిలో లేత బెల్లం రంగు పొర మిగిలింది.

"కాయలో తప్పు లేదమ్మా, ముద్దే నలుసుని వదలదు" అన్నాను.

"కాఫీ ఫిల్టరు గుడ్డలో వడకట్టాల్సింది" అంది అమ్మ. ఆ మాట నిజం. మిగిలిన రసం ఆ సాయంత్రం నా తలకే పోసింది.

క్విక్ డిటైలర్ జారుడులో అందరినీ మించింది: 190. చెయ్యి పెడితే సబ్బు మీద సబ్బు నడిచినట్టుంది. ఇక్కడే నాకొక సంగతి తెలిసొచ్చింది. కొలత కోసం ఆ గడిలో కావాలనే రెండింతలు తడిపాను. ముద్ద తేలిపోయింది. పది విసుర్లయ్యాక కవరు పెట్టి చూస్తే గరగర ఇంకా అలాగే ఉంది. పొర మరీ మందమైతే రేణువు తల పొరలోనే మునిగిపోతుంది, ముద్దకి అందదు. వాన రోడ్డు మీద టైరు తేలినట్టే. తడి తగ్గించి మళ్లీ చేస్తే చక్కగా పట్టింది. అప్పటిదాకా కాటా మీద ఎవరిది తక్కువ అంకైతే వాళ్లే గెలిచారని అనుకుంటున్నాను. అది తప్పు. జారాలి, కానీ పట్టు తప్పకూడదు. చెయ్యి ఆపితే ఆగాలి, తోస్తే కదలాలి.

డిటైలర్‌తో నాకున్న చిక్కు ధర. అర లీటరు సీసా ఒక బానెట్‌కీ రూఫ్‌కీ అయిపోతుంది. చిన్న చోట ముట్టుకోడానికైతే దానంత సులువు లేదు.

ఇక రిన్స్‌లెస్ వాష్. బకెట్ నీళ్లలో కొద్దిగా కలిపి, తర్వాత మళ్లీ నీళ్లు పోయకుండానే కారు తుడిచే మందు ఇది. నా దగ్గరున్నది ఆప్టిమమ్ నో రిన్స్. కడగడానికి 1:256 పాళ్లు, క్లేకి జారుడుగా 1:64. అంటే లీటరు ఏసీ నీళ్లకి 16 మి.లీ., దగ్గు మందు మూతతో కొలవొచ్చు. ఇందులో నురగ దాదాపు రాదు. అది చూసి మొదట నాకు నమ్మకం కలగలేదు, మనకి నురగంటేనే శుభ్రం కదా. కానీ లాగితే మొదటిది 230, పదోది 245. ఆరింటిలో అంకె ఇంత తక్కువగా పెరిగింది దీనికొక్కదానికే. ఇందులో ఉండే పాలిమర్లు నీటి పొరని తొందరగా చెదరనివ్వవు, ఊడిన రేణువు చుట్టూ చేరి గీసుకోకుండా కాస్త అడ్డుపడతాయి. గడి తుడిచి టార్చి వేస్తే, ముందు ఉన్న గీతలు తప్ప కొత్తది కనపడలేదు.

కాబట్టి నాన్న కారుకి 1:64 రిన్స్‌లెస్, ఏసీ నీళ్లలో. అది దొరకనివాళ్లు సాదా కారు షాంపూ మంచి నీళ్లలో కలిపి, పొర ఆరకుండా మాటిమాటికీ చల్లుకుంటే నిశ్చింతగా పని చేసుకోవచ్చు. ఏసీ నీళ్లలో షాంపూ, బోరు నీళ్లలో ఖరీదైన మందు, ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను షాంపూ వైపే.

డిసెంబర్ 28, ఆదివారం

బానెట్ పూర్తయింది.

ఆరున్నరకే లేచాను. మంచుకి కారంతా తడిసి ఉంది, అది కడిగి తుడిచేసరికి ఏడు. డబ్బాలోంచి తీసిన క్లే రాయిలా ఉంది, చలికి ఇది బిగుసుకుంటుంది. గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, నాలుగో వంతు తుంచుకుని, చపాతీ ముద్దలా ఒత్తి, మూడు వేళ్లకి సరిపడా బిళ్ల చేశాను. మిగతా మూడు ముక్కలూ డబ్బాలోనే. చేతిలోది కింద పడితే పారెయ్యాల్సిందే, ఎంత కడిగినా ఇసుక రేణువు లోపల దాక్కుంటుంది. మొత్తం ముద్ద చేతిలో పట్టుకుంటే ఒక్క పొరపాటుకి మొత్తం పోతుంది.

రెండడుగుల చదరం. పెయింటు మీద మూడు పిచికార్లు, బిళ్ల మీద ఒకటి. ఒత్తిడి పెట్టలేదు, వేళ్ల బరువు చాలు. కారు పొడవునా నిలువు గీతలో ముందుకీ వెనక్కీ, గుండ్రంగా తిప్పకుండా. ఒకవేళ గీత పడినా తిన్నని గీత ఎండలో అంతగా మెరవదు, సున్నాలు చుడితే సాలెగూడులా కనపడతాయి.

మొదటి నాలుగు విసుర్లకి చప్పుడు వినిపించింది. సన్నగా, సుద్దముక్క పలక మీద నడిచినట్టు, స్‌స్‌స్ అంటూ. వేళ్లకి కూడా చిన్న చిన్న అడ్డంకులు తెలుస్తున్నాయి. ఏడో విసురుకి చప్పుడు పల్చబడింది. పదో విసురుకి ఏమీ లేదు, నూనె రాసిన గాజు మీద చెయ్యి నడిచినట్టు మౌనం. బిళ్ల తిప్పి చూశాను. లేత పసుపు క్లే మీద బూడిద నలుపు చారలు, వాటి మధ్య తుప్పు రంగు చుక్కలు సూదిమొన అంతవి. తొమ్మిదేళ్ల రైలు బ్రేకులు. బిళ్లని మడిచి, పిసికి, శుభ్రమైన ముఖం పైకి తెచ్చి, తర్వాతి చదరం.

పక్కింటి బాబాయ్ గోడ మీంచి చూసి, "ఎండెక్కనీరా, వేడికి మెత్తగా ఊడుద్ది" అన్నారు. ఆయన డ్రైవరుగా ముప్పై ఏళ్లు చేసిన మనిషి, తారు మరకల విషయంలో ఆ మాట సరైనదే. ఇక్కడ మాత్రం ఎండ శత్రువు. రేకు వేడెక్కితే పొర నిమిషంలో ఆరిపోతుంది. తొమ్మిదికల్లా ఆపేశాను. ఇంకో కారణం కూడా ఉంది: పొద్దెక్కాక సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది, తడి పెయింటు మీద దుమ్ము వచ్చి కూర్చుంటుంది.

నాన్న టీ గ్లాసుతో వచ్చి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, బానెట్ మీద అరచెయ్యి పెట్టారు. తర్వాత ఫెండర్ మీద. మళ్లీ బానెట్ మీద. "రెండూ ఒకే రోజు పెయింటేరా" అన్నారు, నమ్మలేనట్టు. నేను కవరు ఇచ్చాను. ఆయన ఐదు నిమిషాలు ఆ కవరుతోనే కారు చుట్టూ తిరిగారు.

జనవరి 4, ఆదివారం

రూఫ్, డిక్కీ, కుడివైపు డోర్లు. రూఫ్ మీద పెద్దగా ఏమీ లేదు, గంటలో అయింది.

డోర్ల కింది భాగం విసిగించింది. అక్కడ ఉన్నది తారు. క్లేతో తారు లాగబోతే ముద్ద మీద నల్లగా పరుచుకుని, పక్క చదరానికి పూసేస్తుంది. బాబాయ్ కిరసనాయిలు సీసా తెచ్చిచ్చారు. గుడ్డ తడిపి అద్ది, అర నిమిషం ఆగి తుడిస్తే తారు కరిగి వచ్చేసింది. కానీ కిరసనాయిలు తగిలిన చోట వెంటనే క్లే పెట్టకూడదు. ఇలాంటి ద్రావకం ఏదైనా ముద్దని కరిగిస్తుంది, గిన్నెల లిక్విడ్ కంటే ఘోరంగా. షాంపూతో రెండుసార్లు కడిగి, వాసన పూర్తిగా పోయాకే మొదలుపెట్టాను. జారుడు నీళ్లలో కిరసనాయిలో స్పిరిటో కాస్త కలిపితే త్వరగా పనవుతుందని నాతో ఇద్దరన్నారు. ఆ పని చెయ్యొద్దు.

ఒక బిళ్ల చేజారి గచ్చు మీద పడింది. తీసి చూస్తే పైకి శుభ్రంగానే ఉంది. మనసు రాలేదు కానీ చెత్తబుట్టలో వేశాను.

జనవరి 10, శనివారం

ఎడమ పక్క, వెనక బంపరు మిగిలాయి. ఎడమ ఫెండర్ మీద పోయినేటి గీతలు అలాగే ఉన్నాయి, క్లేతో అవి పోవు. చేత్తో సన్న పాలిష్ పట్టించాను. సగానికి సగం తగ్గాయి. మిగతా సగం కోసం మళ్లీ క్లియర్ కోటు తినిపించదలుచుకోలేదు.

బంపరు దగ్గర మేస్త్రి గారి మాట గుర్తుంచుకుని, పాళ్లు 1:50కి చిక్కబరిచాను, అంటే లీటరుకి 20 మి.లీ. బిళ్లని వేళ్లతో ఒత్తకుండా అరచేతి కింద పెట్టి నడిపాను. అయినా టార్చి వెలుగులో ఒక చోట, నంబరు ప్లేటు పైన, చాలా సన్నని మసక కనపడింది. కంపెనీ పెయింటు మీద ఎక్కడా రాని మసక. ఇదే నీళ్లు, ఇదే ముద్ద, ఇదే చెయ్యి. పెయింటు మెత్తన, అంతే తేడా. పాలిష్ నాలుగు విసుర్లతో అది పోయింది.

క్లే పట్టాక పెయింటు మీద పాత వ్యాక్సు మిగలదనే అనుకోవాలి. అలాగే వదిలేస్తే మా వీధిలో వారం తిరక్కుండా మళ్లీ రజను పట్టుకుంటుంది. పైగా భోగి వస్తోంది. మా వీధి మొగలోనే మంట వేస్తారు, బూడిద ఎగిరి వచ్చి వాలేది వరసగా ఆపిన కార్ల మీదే. అది తడిస్తే క్షారం. అందుకని మధ్యాహ్నం నీడలో ఒక పూత వ్యాక్సు వేసి, ఆరాక తుడిచి, సాయంత్రం ఇంకో పూత వేశాను. భోగి ముందు రాత్రి కారుని పై వీధిలో పెట్టమని నాన్నకి చెప్పాను.

మొత్తం లెక్క: జారుడు నీళ్లు రెండున్నర లీటర్లు, అందులో మందు 40 మి.లీ. పైచిలుకు. క్లే మూడు వంతులు, నాలుగో వంతు డబ్బాలో ఉంది. పిచికారీ సీసాలో 200 మి.లీ. దాకా మిగిలాయి. ఏసీ నీళ్లు నిలవుంటే పాచి వాసన వస్తుంది, రేపటిలోగా వాడెయ్యాలి. బాబాయ్ స్కూటర్ ముందు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి చూశాను, గరగరమంటోంది. రేపు పొద్దున్న ఏడింటికి తెమ్మన్నాను.